సుడిదోమ ఏళ్ళ తర్వాత

డాక్టరు చెవిలో లైటు వేసి చూశాడు,
మోకాలి మీద సుత్తితో తట్టాడు,
"ఈ వయసులో ఎందుకండీ" అన్నాడు గానీ
సంతకం పెట్టాడు.
షుగరు హద్దు మీద ఉందట,
వానాకాలం గట్టు మీద నడిచినట్టు నడవమన్నాడు.

మధురపూడి షెడ్డు ముందు
నా పక్క సీట్లో నేర్పే పిల్ల, ప్రణతి.
తణుకు. ఇరవై ఆరేళ్ళు.
నేను ఆఖరిసారి చక్రం నేలకి ఆనించిన నాటికి
వాళ్ళమ్మ ఇంకా పరికిణీలో ఉండి ఉంటుంది.
"చెక్‌లిస్టు పైకి చదవండి అంకుల్" అంది.
చదివాను. కళ్ళజోడు మార్చి మళ్ళీ చదివాను.
పెట్రోలు. తలుపు. బెల్టు.
అప్పట్లో ఇవన్నీ నోటితో కాదు,
తొడ మీద వేళ్ళతో లెక్కపెట్టుకునేవాణ్ణి.

థ్రాటిల్ నెట్టగానే
కుడికాలు ముందుకు తన్నింది,
నేను చెప్పకుండానే.
చెయ్యి మరిచిపోయింది, నోరు మరిచిపోయింది,
కాలు మరిచిపోలేదు.
కాకపోతే దానికి గుర్తున్నది ఈ సెస్నా కాదు,
తోకచక్రం మీద కుంటుతూ పరిగెత్తే
ఆ పసుపుపచ్చ మొండిది.
"కొంచెం తగ్గించండి."
తగ్గించాను.

నేల వదిలింది.
ఎలా ఉందని అడక్కండి.
పళ్ళూడిన నోట్లో
చెరుకు ముక్క పెట్టినట్టుంది.

ధవళేశ్వరం ఆనకట్ట సున్నపుగీతలా కిందికి జారింది.
గౌతమి ఎడమకి, వసిష్ఠ కుడికి.
"వెయ్యి అడుగులకి తగ్గొద్దు" అంది పిల్ల.
వెయ్యి అడుగులా!
నా ఎత్తెప్పుడూ కొబ్బరిమట్టకి బెత్తెడు కింద,
వరివెన్నుకి నిలువెత్తు పైన.
సుడిదోమ పట్టి చేలు
గుండ్రంగా, గుండ్రంగా మాడిపోతుంటే
తొట్టినిండా మందు నింపుకుని
కాలవ నుంచి కాలవకి, మళ్ళీ కాలవ నుంచి కాలవకి.

చేను చివర ఏసోబు నిలబడేవాడు.
పదిహేనేళ్ళుంటాయి. రోజుకి నాలుగు రూపాయలు.
వెదురుకర్రకి కట్టిన తెల్లగుడ్డ ఊపేవాడు,
ఇక్కడిదాకా అయింది, ఇక్కణ్ణుంచి మొదలని.
నేను గుడ్డకి గురిపెట్టి వచ్చేవాణ్ణి.
గుడ్డ కింద మనిషుండేవాడు.
పొద్దుగూకేసరికి వాడి చొక్కా
విప్పి నిలబెడితే నిలబడేది.
"వాసన అలవాటైపోయిందండి, ఆయ్" అని నవ్వేవాడు.
మరుసటేడు గుడ్డ ఇంకెవడో ఊపాడు.
వాడి పేరు అడగలేదు.
ఏసోబేడని కూడా.

కంపెనీ మూసేశారు, అందుకే మానేశానని
అందరికీ చెబుతూ వచ్చాను.
మూసేసిన మాట నిజమే.
తర్వాత ముప్పై నాలుగేళ్ళు
రామచంద్రపురంలో మిల్లు లెక్కలు రాశాను.
మేడెక్కినప్పుడు కిందికి చూసేవాణ్ణి కాదు.

ద్రాక్షారం దాటాక నా చేలు లేవు.
ఎండకి పరిచిన రేకుల్లా చెరువులు,
ఒక్కో దాంట్లో నాలుగేసి చక్రాలు
తెల్లగా నురగ కక్కుతూ.
"రొయ్యలు. మా మామయ్యకీ ఉన్నాయి" అంది.
కాలవ వంకర మాత్రం అలాగే ఉంది.
దాన్ని పట్టుకుని పోయాను.

గట్టు మీద ఎవరో
తెల్ల తువ్వాలు ఊపుతున్నాడు.
నీటికాకుల్ని తోలుతున్నాడు.
నాక్కాదని తెలుసు.
అయినా చేతులు అటే తిరిగాయి,
రెక్క వంగింది, ముక్కు సూటిగా వాడి మీదకి...
"అంకుల్?"
"ఏం లేదమ్మా."
పక్కకి తీశాను.
గాలి వాడి నుంచి నావైపు వీచేలా
అటు చుట్టు తిరిగి పోయాను,
తొట్టిలేని విమానంలో,
చల్లడానికేమీ లేకుండా.

దిగడం బాగా రాలేదు.
ఒడ్డున పడ్డ కొర్రమీనులా మూడుసార్లు ఎగిరింది.
మందు మరకల పాత లాగ్‌బుక్కే తెచ్చాను.
ఆఖరి గీత కిందే ప్రణతి రాసింది:
గంటా పది నిమిషాలు.
రెండు గీతలకీ మధ్య నూలుపోగంత ఎడం.
"గురువారం వస్తారుగా?" అంది.

తిరుగుబస్సులో ఇంటిదాకా పోలేదు.
కాలవ వంకర దగ్గర దిగి
టీ బడ్డీలో అడిగాను,
ఏసోబని, వెనకటికి విమానానికి గుడ్డ ఊపేవాడు.
"ఏ ఏసోబండి? మా పేటలో ముగ్గురండి."
టీ చల్లారనిచ్చాను.
ముగ్గురి ఇళ్ళూ ఎటో చెప్పమన్నాను.